కేజీఎఫ్ నుండి హైదరాబాదుకు ఎంత దూరం, ఎంత సమయం?

మన పట్టణం నుండి హైదరాబాదుకు విమానంలో వెళ్లదలచినవారు మొదట అడిగే ప్రశ్న, ప్రయాణానికి ఎంత సమయం పడుతుందనేది. టికెట్టు చూసినవారు గంటంబావు అని చెబుతారు. ఆ మాటలో అబద్ధం లేదు. అయితే ఆ గంటంబావును నమ్ముకొని, మధ్యాహ్నం రెండు గంటల ఉద్యోగ పరీక్షకో, ఆసుపత్రిలో ఉన్న పెద్దవారిని చూడటానికో, పెళ్లి ముహూర్తానికో అందుకోవచ్చునని ఉదయం పదింటికి ఇల్లు కదిలితే పని చెడుతుంది. టికెట్టు మీద అచ్చయిన కాలం దేవనహళ్లి విమానాశ్రయం నుండి శంషాబాదు విమానాశ్రయం వరకు మాత్రమే. రాబర్ట్‌సన్‌పేటలోని ఇంటి గడప నుండి సికింద్రాబాదులోని ఇంటి గడప వరకు పట్టే కాలం దానికి సుమారు ఆరు రెట్లు. ఈ తేడా ఎక్కడ పుడుతుందో తెలిసినవారు తమ ప్రయాణాన్ని తామే సరిగా లెక్క వేసుకోగలరు.

ముందుగా దూరం సంగతి. రెండు ఊళ్ల మధ్య దూరం ఒకటే ఉంటుందని మనం అనుకుంటాము. నిజానికి ఏ రెండు ఊళ్ల మధ్యనైనా కనీసం మూడు దూరాలు ఉంటాయి. మనకు బాగా తెలిసిన బెంగళూరునే తీసుకుందాము. పటం మీద కేజీఎఫ్ నుండి బెంగళూరు నగర మధ్యానికి సూటిగా గీత గీస్తే సుమారు 74 కిలోమీటర్లు వస్తుంది. దీనిని ఆకాశ దూరం అనవచ్చు. మారికుప్పం నుండి బంగారుపేట మీదుగా వెళ్లే రైలు మార్గం సుమారు 86 కిలోమీటర్లు. అందులో బంగారుపేట వరకు 16, అక్కడి నుండి బెంగళూరు ప్రధాన స్టేషనుకు 70. రోడ్డు మీద, ఎంచుకున్న దారిని బట్టి, 100 కిలోమీటర్లకు అటూ ఇటూ అవుతుంది. మూడూ సత్యమే. విమానయానానికి సంబంధించిన పట్టికలలో కనిపించేది మొదటి రకం, బస్సు చార్జీకి ఆధారమైనది మూడవ రకం. ఒకదాని స్థానంలో మరొకటి వాడినప్పుడే లెక్క తప్పుతుంది.

ఆకాశ దూరాన్ని కనుగొనడానికి పెద్ద సాధనాలేవీ అక్కరలేదు. బడి పిల్లల అట్లాసు చాలు. ఉత్తర దక్షిణ దిశలలో ఒక్కొక్క అక్షాంశ డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా కొలిస్తే మన ప్రాంతంలో ఒక్కొక్క రేఖాంశ డిగ్రీకి సుమారు 108 కిలోమీటర్లు. దేవనహళ్లి విమానాశ్రయం 13.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, శంషాబాదు 17.24 డిగ్రీల మీద ఉన్నాయి. తేడా నాలుగు డిగ్రీలకు కొంచెం ఎక్కువ, అంటే సుమారు 448 కిలోమీటర్లు. శంషాబాదు కొద్దిగా తూర్పుకు జరిగి ఉన్నందువల్ల కలిసే దూరాన్ని చేర్చితే 454 కిలోమీటర్లు వస్తుంది. రోడ్డు మీద బెంగళూరు నుండి హైదరాబాదుకు 570 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవాలి. కేజీఎఫ్ 78.27 డిగ్రీల రేఖాంశం మీద ఉంది, హైదరాబాదు 78.48 డిగ్రీల మీద ఉంది. అంటే హైదరాబాదు మనకు దాదాపు నేరుగా ఉత్తరాన ఉన్నదన్నమాట. సూటిగా పోగలిగితే 490 కిలోమీటర్లు. కానీ విమానం ఎక్కడానికి మనం ముందు పడమటి దిక్కుగా దేవనహళ్లికి పోవాలి. అక్కడికి ఆకాశ దూరం 67 కిలోమీటర్లే అయినా రోడ్డు మీద 100 కిలోమీటర్లకు తక్కువ కాదు. ఉత్తరానికి పోవలసినవారు పడమరకు పోవడమే మన ప్రయాణంలోని అసలు చిక్కు.

ఇప్పుడు విమాన కాలం. నేడు ఈ మార్గంలో తిరిగే జెట్ విమానాలు ఎత్తుకు చేరిన తరువాత గంటకు 800 నుండి 850 కిలోమీటర్ల వేగంతో పోతాయి. ఆ వేగంతో 454 కిలోమీటర్లను భాగిస్తే అరగంటకు రెండు మూడు నిమిషాలు మించదు. మరి టికెట్టు మీద గంటంబావు ఎందుకు వేస్తారు? విమాన సంస్థలు ప్రకటించే కాలాన్ని ఆ వృత్తిలో బ్లాక్ టైమ్ అంటారు. విమానం చక్రాలకు పెట్టిన అడ్డుదిమ్మెలు తీసినప్పటి నుండి, గమ్యంలో మరల అడ్డుదిమ్మెలు పెట్టే వరకు గడిచే కాలమది. తలుపులు మూసిన విమానాన్ని వెనుకకు నెట్టడం, అది నేల మీద మెల్లగా పాకుతూ రన్‌వే చివరకు చేరడం, ముందున్న విమానాలు లేచేవరకు వరుసలో నిలవడం, ఇవన్నీ అందులో చేరుతాయి. దిగిన తరువాత నిలుపు చోటికి చేరే వరకు పట్టే నిమిషాలూ చేరుతాయి.

గాలిలో ఉన్నంతసేపూ విమానం పూర్తి వేగంతో పోదు. సాధారణంగా 10,000 అడుగుల ఎత్తుకు దిగువన 250 నాట్లకు, అంటే గంటకు సుమారు 460 కిలోమీటర్లకు మించరాదన్న పరిమితి ఉంటుంది. బెంగళూరు, హైదరాబాదుల వంటి దగ్గరి ఊళ్ల మధ్య ఎక్కడం ముగిసీ ముగియకముందే దిగడం మొదలవుతుంది. పూర్తి ఎత్తులో పూర్తి వేగంతో సాగేది కొద్ది నిమిషాలే. అందుకే గంటకు సుమారు 500 కిలోమీటర్లు పోయే ఏటీఆర్ వంటి పంకా విమానం కూడా ఈ దారిలో జెట్టు కంటే ఇరవై ముప్పై నిమిషాలే ఎక్కువ తీసుకుంటుంది. టికెట్టు కొనేటప్పుడు పంకా విమానమని తెలిసి వెనుకాడేవారు ఉన్నారు. ఈ దూరానికి అంత ఆలోచన అనవసరం.

ప్రకటించిన కాలంలో విమాన సంస్థలు కొంత వెసులుబాటును కూడా కలుపుకుంటాయి. అందువల్లనే ఒక్కొక్కసారి విమానం ఆలస్యంగా బయలుదేరి కూడా వేళకే చేరుతుంది. ఈ బ్లాక్ టైమ్ ప్రయాణికుల హక్కులకు కూడా కొలబద్ద. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధనల ప్రకారం, ప్రయాణ కాలం రెండున్నర గంటలలోపు ఉన్న విమానం రెండు గంటలకు మించి ఆలస్యమయ్యేటట్లుంటే, వేళకు వచ్చి హాజరైన ప్రయాణికులకు సంస్థ ఆహార పానీయాలు ఇవ్వాలి. హైదరాబాదు, చెన్నై, విజయవాడ, విశాఖపట్నం మార్గాలన్నీ ఈ తరగతిలోకే వస్తాయి. అడిగి తీసుకోవడంలో మొహమాటం అక్కరలేదు.

దూరం, సమయం రెండూ వేరన్న సంగతిని 2008వ సంవత్సరం బాగా రుజువు చేసింది. ఆ సంవత్సరం మార్చిలో హైదరాబాదు విమానాశ్రయం నగరం నడుమనున్న బేగంపేట నుండి దక్షిణాన ఉన్న శంషాబాదుకు తరలింది. మేలో బెంగళూరు విమానాశ్రయం హెచ్ఏఎల్ ప్రాంగణం నుండి ఉత్తరాన ఉన్న దేవనహళ్లికి తరలింది. ఒకటి దక్షిణానికి, మరొకటి ఉత్తరానికి జరగడంతో రెండు విమానాశ్రయాలూ ఒకదానికొకటి దగ్గరయ్యాయి. పూర్వం వాటి మధ్య ఆకాశ దూరం సుమారు 505 కిలోమీటర్లు ఉండగా, ఇప్పుడు 454. యాభై కిలోమీటర్ల ఆకాశం కలిసివచ్చింది. కానీ ప్రయాణికునికి ఆ మేరకు సమయం మిగలలేదు, ఎందుకంటే రెండు చివరల నేల మీది దూరం పెరిగింది. మన విషయంలో ఇది మరీ స్పష్టం. హెచ్ఏఎల్ విమానాశ్రయం బెంగళూరుకు తూర్పు వైపున, మనం నగరంలోకి ప్రవేశించే దిక్కుననే ఉండేది. దేవనహళ్లి కూడా పటం మీద మనకు దాదాపు అంతే దూరం. అయినా దాన్ని చేరడానికి హొసకోట దాకా వెళ్లి అక్కడి నుండి ఉత్తరానికి తిరగాలి.

ఇక ఇంటి నుండి ఇంటికి లెక్క వేద్దాము. విమానం ఉదయం 10 గంటలకు అనుకుందాము. చాలా సంస్థలు దేశంలోపలి ప్రయాణాలకు చెకిన్ కౌంటరును 60 నిమిషాల ముందు, ఎక్కే ద్వారాన్ని 25 నిమిషాల ముందు మూసివేస్తాయి. సంచుల తనిఖీ, భద్రతా తనిఖీల వరుసలను తలచుకొంటే 8 గంటలకు విమానాశ్రయంలో ఉండటం మేలు. కేజీఎఫ్ నుండి కారులో రెండు నుండి రెండున్నర గంటలు. టైరు పంక్చరుకో, దారిలో రద్దీకో మరో అరగంట విడిచిపెడితే ఉదయం 5 గంటలకు ఇల్లు కదలాలి. విమానం 11.15కు శంషాబాదులో దిగుతుంది. సామాను తీసుకొని బయటికి వచ్చేసరికి 11.50. అక్కడి నుండి సికింద్రాబాదుకు గంటంబావు. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం ఒంటి గంట దాటుతుంది. మొత్తం ఎనిమిది గంటలు. అందులో గాలిలో గడిచింది గంటకు లోపే.

బస్సులో పోదలచినవారు కె.ఆర్.పురం ప్రాంతంలో దిగి, విమానాశ్రయానికి పోయే వాయువజ్ర బస్సు పట్టుకోవచ్చు. ఖర్చు బాగా తగ్గుతుంది. కానీ బస్సు మారడం, వేచి ఉండటం కలుపుకొని మరో గంటన్నర ముందు కదలాలి. ఇక్కడ 1902 నాటి మాట ఒకటి జ్ఞాపకం వస్తుంది. ఆ సంవత్సరం శివనసముద్రం జలపాతం వద్ద పుట్టిన విద్యుత్తు 92 మైళ్ల తీగల మీదుగా మన గనులకు చేరింది. అప్పటికి ప్రపంచంలో అంత దూరం విద్యుత్తును పంపిన మార్గాలు అరుదు. విద్యుత్తుకున్న అదృష్టం ఏమిటంటే, దారిలో దానికి బస్సు మారే పని లేదు.

రైలుతో పోల్చి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 2023 సెప్టెంబరు నుండి యశ్వంతపురం, కాచిగూడల మధ్య వందేభారత్ రైలు నడుస్తున్నది. 610 కిలోమీటర్లను ఎనిమిదిన్నర గంటలలో పోతుంది. ఇక్కడి నుండి యశ్వంతపురం చేరడానికి మూడు గంటలు కలిపితే పదకొండున్నర, ఆ తరువాత కాచిగూడ నుండి ఇల్లు. విమానంతో తేడా నాలుగు గంటలు. తేడా తక్కువేమీ కాదు, అయినా గంటంబావుకూ పన్నెండు గంటలకూ మధ్య ఉన్నంత కాదు. సామాను ఎక్కువగా ఉన్నవారు, కుటుంబంతో పోయేవారు ఆ నాలుగు గంటల విలువ ఎంతో తామే నిర్ణయించుకోవాలి.

చెన్నై విషయంలో మాత్రం సందేహానికి చోటు లేదు. బెంగళూరు, కేజీఎఫ్, చెన్నై మూడూ దాదాపు 13వ అక్షాంశం మీద ఒకే వరుసలో ఉన్నాయి. దేవనహళ్లి నుండి చెన్నై విమానాశ్రయానికి 268 కిలోమీటర్ల సరళరేఖ గీస్తే అది కోలారు పట్టణాన్ని దాదాపు తాకుతూ పోతుంది. అంటే చెన్నైకి విమానంలో పోయే కేజీఎఫ్ పౌరుడు రెండున్నర గంటలు పడమరకు వెళ్లి, రెండు గంటలు కూర్చొని, తిరిగి తన జిల్లా మీదుగానే తూర్పుకు ఎగిరిపోతాడు. బంగారుపేటలో రైలెక్కితే 292 కిలోమీటర్లు, సుమారు ఐదు గంటలు. విమానం ఇక్కడ సమయాన్ని మిగల్చదు, తింటుంది.

ఇంతకూ మన పట్టణంలో దూరాన్ని రోజూ కొలుస్తున్నవారు విమాన ప్రయాణికులు కారు. బెంగళూరు నుండి జోలార్‌పేటకు రైలు మార్గం 1864లో వచ్చింది. గనుల కోసం 1894లో బంగారుపేట నుండి మారికుప్పం శాఖ వేశారు. యంత్రాలనూ మనుషులనూ గనులకు తేవడానికి వేసిన ఆ పట్టాలు, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత మనుషులను బయటికి తీసుకుపోయే దారి అయ్యాయి. మారికుప్పం, ఛాంపియన్, ఉరిగాం, కోరమండల్ స్టేషన్లలో చీకటితో రైలెక్కి బెంగళూరులో పని చేసి రాత్రికి తిరిగి వచ్చేవారు వేల సంఖ్యలో ఉన్నారు. ఒక దిక్కుకు రెండు గంటలకు పైబడిన ప్రయాణం. రాకపోకలు కలిపితే రోజుకు నాలుగు నుండి ఐదు గంటలు. బెంగళూరు నుండి దుబాయికి విమానం తీసుకొనే కాలం కూడా నాలుగు గంటలే. అంటే మన పట్టణపు కూలీ, గుమాస్తా, నర్సు ప్రతిదినం దుబాయికి పోయినంతసేపు బండిలో కూర్చొని 86 కిలోమీటర్ల దూరంలోని పనికి పోయి వస్తున్నారు. పట్టణం నుండి విమానం ఎంతసేపు అన్న ప్రశ్న కంటే ఉదయపు బండి ఎన్ని నిమిషాలు ఆలస్యం అన్న ప్రశ్న ఎక్కువమందిని తాకుతుంది.

గనిలో పనిచేసిన పెద్దలకు ఈ లెక్క కొత్త కాదు. ఛాంపియన్ రీఫ్ గని 3,200 మీటర్ల లోతు. అడుగు అంతస్తులకు ఒకే బోనులో దిగడం సాధ్యం కాదు. ఒక షాఫ్టులో దిగి, సొరంగంలో నడిచి, మరొక షాఫ్టులో మరల దిగాలి. మూడు కిలోమీటర్ల దూరానికి పట్టే కాలం బోను వేగం మీద కాక, ఎన్నిసార్లు మారాలి, వరుసలో ఎంతసేపు నిలవాలి అన్నదాని మీద ఆధారపడేది.

దేవనహళ్లికి చేరే దారుల గురించి మరి రెండు మాటలు. బెంగళూరు, చెన్నై నగరాలను కలిపే 262 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ రహదారిలో కర్ణాటక భాగం, హొసకోట నుండి బేతమంగళ దాకా సుమారు 71 కిలోమీటర్లు, 2024 చివరిలో వాహనాలకు తెరుచుకుంది. హొసకోట నుండి దేవనహళ్లి వైపు ఉపనగర వలయ రహదారి ఉంది. ఈ రెండూ కలిసి బెంగళూరు నగరపు రద్దీని తాకకుండా విమానాశ్రయం చేరే వీలు కల్పించాయి. ఇక రైలు. పటం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. బంగారుపేట నుండి కోలారు, శ్రీనివాసపురం, చింతామణి, శిడ్లఘట్ట, చిక్కబళ్లాపురం మీదుగా యలహంకకు పోయే మార్గం ఉంది. ఒకప్పుడు సన్నగేజిగా ఉన్న ఈ మార్గం 2013 నాటికి పూర్తిగా బ్రాడ్‌గేజి అయింది. 2021లో విమానాశ్రయం పేరిట ఒక హాల్టు స్టేషను కూడా దీని మీద వెలిసింది. పట్టాలు మన జంక్షను నుండి విమానాశ్రయం పొరుగు వరకు అతుకు లేకుండా ఉన్నాయి. బండ్లు మాత్రం కొద్ది. మార్గం ఉండటం వేరు, మనకు కావలసిన వేళకు బండి ఉండటం వేరు. వేగవంతమైన విమానాల కంటే, ఈ మార్గంలో వేళకు నడిచే మరి రెండు బండ్లు కేజీఎఫ్‌ను హైదరాబాదుకు ఎక్కువ దగ్గర చేస్తాయని మా అభిప్రాయం.

విదేశాలలో ఉన్న పిల్లల వద్దకు పోయే పెద్దలకు మరొక విధమైన చిక్కు ఉంటుంది. టికెట్టు మీద బయలుదేరే వేళ, చేరే వేళ రెండూ ఆయా ఊళ్ల స్థానిక కాలంలో ఉంటాయి. దుబాయి గడియారం మన కంటే గంటన్నర వెనుక, కువైటు రెండున్నర గంటలు వెనుక. ఉదయం 10 గంటలకు బయలుదేరి 12.30కు దుబాయి చేరునని ఉంటే ప్రయాణం రెండున్నర గంటలు కాదు, నాలుగు గంటలు. మందులు వేళకు వేసుకోవలసినవారు దీనిని తప్పక గమనించాలి. శీతకాలంలో ఎత్తున పడమటి నుండి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి కనుక, పోయేటప్పటి కంటే వచ్చేటప్పుడు విమానం కొంత త్వరగా చేరుతుంది.

దూర దేశాల విషయంలో పటం మీది సరళరేఖ కూడా మోసం చేస్తుంది. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల అతి దగ్గరి దారి చదునైన పటం మీద వంపుగా కనబడుతుంది. 2021 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఎయిరిండియా విమానం పసిఫిక్ సముద్రానికి అడ్డంగా రాక, ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా బెంగళూరు చేరింది. దానిని నడిపిన వారందరూ మహిళలే. సుమారు 14,000 కిలోమీటర్లు, పదిహేడు గంటల దగ్గర ప్రయాణం. ఇంట్లో భూగోళపు బొమ్మ ఉంటే రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. అది ఉత్తర ధ్రువం వైపు జరగడం పిల్లలకు కూడా తెలిసిపోతుంది.

చివరగా తేదీ. గల్ఫుకు, అమెరికాకు పోయే విమానాలు చాలా వరకు అర్ధరాత్రి దాటిన తరువాత బయలుదేరుతాయి. టికెట్టు మీద 15వ తేదీ 00.40 అని ఉంటే అది 14వ తేదీ రాత్రి గడిచిన వెంటనే వచ్చే వేళ. విదేశీ ప్రయాణానికి మూడు గంటల ముందు, అంటే 14వ తేదీ రాత్రి 9.40కి విమానాశ్రయంలో ఉండాలి. కనుక 14వ తేదీ సాయంత్రం ఆరున్నరకే రాబర్ట్‌సన్‌పేట నుండి బయలుదేరాలి. 15వ తేదీ రాత్రి బయలుదేరినవారికి విమానం ఉండదు.